నొప్పి తెలియదని చెప్పే ముందు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను సంచార నక్షత్రశాల వ్యాఖ్యాతగా ఆదిలాబాద్‌కు వేశారు. పేరు గొప్పదే గానీ, పనల్లా జీపులో గుమ్మటం మోసుకుని బడి బడికీ తిరగడం. నల్లగుడ్డతో కుట్టిన గుమ్మటమది. ఫ్యాను గాలి కొడుతున్నంతసేపు ఉబ్బి నిలబడుతుంది. పిల్లలు వంగి లోపలికి వచ్చి చాపల మీద కూర్చుంటారు. డ్రైవర్ మల్లేశం బయట ఫ్యాను దగ్గర ఉండాలి. కరెంటు పోతే గుడ్డ మెల్లగా దిగుతుంది, ఈలోగా అందర్నీ బయటికి పంపడం నా బాధ్యత.

ఉట్నూరు దగ్గరి ఆడపిల్లల హాస్టల్లో సుమిత్ర అనే తొమ్మిదో తరగతి పిల్ల లోపలికి రానంది. వాళ్ల బాపు బొగ్గుబాయిలో, గని పైకప్పు కూలి చనిపోయాడని వార్డెన్ నా చెవిన వేసింది. నేను బలవంతపెట్టలేదు. గుడ్డ ఎంత తేలికో పట్టి చూడమన్నాను. గుడ్డ తలుపు పక్కనే కూర్చుంటానంటే సరేనన్నాను.

చివర్లో కృష్ణబిలం గురించి చెప్పాను. మన చుట్టూ, చాలా దూరంలో, నక్షత్రాలన్నీ ఒక బోలు గోళంలా అన్ని వైపుల నుంచీ సమానంగా లోపలికి కూలుతున్నాయనుకోండి. ఆ బరువు మధ్యలో ఉన్న మనల్ని ఎటూ లాగదు. దాటితే తిరిగి రాలేని కృష్ణబిలపు హద్దు మధ్యలోనే పుట్టి, పెరుగుతూ మనల్ని దాటిపోతుంది. గోళం అప్పటికింకా మన దాకా రాదు. ఆకాశం ఎప్పటిలాగే ఉంటుంది. ఏ నొప్పీ తెలియదు.

ఇక్కడ దీపాలన్నీ ఆర్పి కాసేపు మౌనంగా ఉండటం మా వ్యాఖ్యాతల అలవాటు. సరిగ్గా అప్పుడే ఫ్యాను చప్పుడు ఆగింది. కరెంటు పోయింది. గుడ్డ తలలకు తగులుతుంటే, అదీ ప్రదర్శనే అనుకుని పిల్లలు కిలకిలా నవ్వుతున్నారు. లేవండమ్మా అంటే ఒక్కరూ కదలరు.

"నొప్పి తెల్వదన్నరు గద సార్, కూసుంటం" అందొక పిల్ల.

టార్చి వేసి, గద్దించి, వరుసగా పంపాను. తలుపు పక్కనే ఉన్న సుమిత్ర మాత్రం లేవలేదు. అందరూ వెళ్లాక పక్కన కూర్చున్నాను. గుడ్డ మా ఇద్దరి తలల మీదా ఉంది. మల్లేశం బయట నుంచి తలుపు ఎత్తి పట్టుకున్నాడు.

"లోపలున్నోళ్లకు నిజంగనే తెల్వదా సార్?" అంది.

"తెల్వదు బిడ్డా."

"మరి మా బాపుకు గూడ తెల్వలేదా?"

అవునన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనేస్తే ఆ పిల్ల మనసు కుదుటపడుతుందేమో.

"నేను చెప్పింది నక్షత్రాల లెక్క. బాయిల సంగతి నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

"అందరు తెల్వలే, నొప్పి గాలే అంటరు. వాళ్లేమన్న జూసిండ్రా సార్? గందుకే ఇంకెవ్వల్ని అడుగుతలేను" అని సుమిత్ర తనే లేచి బయటికి నడిచింది.

ఆ తర్వాత కూడా కృష్ణబిలం గురించి చెప్పడం మానలేదు. దీపాలు ఆర్పే ముందు ఒక మాట చేర్చాను: ఇదంతా లెక్క చెప్పే సంగతి, అక్కడికి పోయి తిరిగొచ్చి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట చెప్పకుండా నొప్పి తెలియదనే హక్కు నాకు లేదు.