తారాదేవి సైడ్‌కారు

వంకాయలు ఏరడం ఒక విద్య అని ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. తొంభై తొమ్మిదిలో నేను సింగపూర్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే పనిలో ఉండేదాన్ని. లోకం మునిగిపోతుందని భయపెట్టి మాలాంటివాళ్ళను విమానాల నిండా దింపిన రోజులవి. టోవా పాయోలో జనార్దనరావు గారి ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరే. సొంతూరు అనకాపల్లి. ఆయన తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. ఆవిడ తారాదేవి.

ప్రతి ఆదివారం టెక్కా మార్కెట్‌కు వెళ్ళి వాళ్ళకు కూరగాయలు తెచ్చే పని నామీద పడింది. అంతకుముందు ఇరవై ఏళ్ళపాటు అది తారాదేవి ఆంటీ పని. పని అనకూడదు, ఆవిడ రాజ్యం. నేను ఆ ఇంట్లో చేరడానికి కొన్ని నెలల ముందు ఆ మార్కెట్లోనే తడి నేలమీద జారిపడి ఎడమ మోకాలు మూడు ముక్కలు చేసుకుంది. డాక్టర్లు అతికించారు గానీ ఆ కాలు ఇక వంగదన్నారు. చేతికర్రతో నెమ్మదిగా నడుస్తుంది. బస్సు మెట్టు ఎక్కలేదు. రైల్లో చాపిన కాలిని వచ్చేపోయేవాళ్ళు తన్నుకుపోతారు. టాక్సీలో వెనక సీటంతా అడ్డంగా కూర్చోవాలి. ఒకసారి అలా కూర్చుంటే సీటుకు చెప్పు తగిలిందని డ్రైవరు గొణిగాడట. ఆవిడ మళ్ళీ టాక్సీ ఎక్కితే ఒట్టు.

నేను తెచ్చిన సంచీ విప్పి ఒక్కో వంకాయనూ వేళ్ళతో నొక్కి చూసేది. చూసి, "బాగున్నాయమ్మా" అనేది. నేను నిజమనుకునేదాన్ని. తర్వాత కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కింద మనుషులు బుట్టలతో వెళ్ళడం చూస్తూ కూర్చునేది. ఏడాదిగా ఆసుపత్రికి తప్ప గడప దాటని మనిషి, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఆ మంచితనమే నాకు భయమేసేది. జనార్దనరావు గారికి ఇంకా భయం.

"దానికి నోరుండేదమ్మా," అన్నారు ఒకరోజు నాతో. "టెక్కాలో కూరలోళ్ళందరికీ దడ. ఇప్పుడు నాను ఉప్పెయ్యకుండా చారు కాసినా బాగుందంటది. మనిషి లోపల్నుంచి ఎలిపోతన్నట్టు అవుపిస్తంది నాకు."

ఆ తర్వాతి శనివారమే నన్ను వెంటబెట్టుకుని ఆ కూన్ కొట్టుకు తీసుకెళ్ళారు. ఆ కూన్ అన్నదే ఆయన పేరు, మా బ్లాకుకు పది నిమిషాల దూరంలో మోటారు సైకిళ్ళు బాగుచేసే చైనా ఆయన. ఇంగ్లీషు కాగితాలు చదివి పెట్టడానికి నేను కావాలన్నారు. కొట్టు వెనక ఒక పాత వెస్పా స్కూటరు పడి ఉంది. దాని పక్కన సైడ్‌కారు ఉంది. ఉందనడం మర్యాద. లారీ రాసుకుపోవడంతో చక్రం అప్పడమై, చట్రం మడతబడి, తొట్టి నొక్కుకుపోయి, అది సైడ్‌కారని ఎవరో చెబితే తప్ప తెలిసేలా లేదు. ఇన్సూరెన్సువాళ్ళు చేతులెత్తేశారు. దాని యజమాని పాత ఫ్రిజ్ ధరకు ఆ కూన్‌కే వదిలించుకుపోయాడు.

"దిస్ వన్ డై ఆల్రెడీ లా," అన్నాడు ఆ కూన్ తన సింగపూర్ ఇంగ్లీషులో. "ఐ కట్, సెల్ పార్ట్స్."

జనార్దనరావు గారు నేలమీద కూర్చుని, జేబులోంచి ఒక చీపురుపుల్ల తీసి, తొట్టి లోపల పొడుగ్గా పెట్టి చూశారు. ముందురోజు సాయంత్రం ఆ చీపురుపుల్లతోనే ఆంటీ కాలు కొలిచి, పుల్లను ఆ మేరకు తుంచడం నేను చూశాను. "పాడెకి కొలత తీస్తన్నారేటి?" అని ఆవిడ నవ్వింది. ఇప్పుడా పుల్ల తొట్టిలో పొడుగ్గా పట్టింది, ఇంకా బెత్తెడు జాగా మిగిలింది.

"సూడమ్మా ఉమా," అన్నారు. "కాలు సాపుకుని దర్జాగా కూకునే బండి ఈ ఊళ్ళో ఇదొక్కటే."

నాకు నవ్వొచ్చింది. నా ఆఫీసులో గోపీకృష్ణ అని ఒకడు అప్పు చేసి కొత్త కారు కొని, దాని సీట్ల మెత్తదనం గురించి రోజూ ఉపన్యాసం ఇచ్చేవాడు. ఇక్కడ ఈయన శవాన్ని చూపించి పల్లకీ అంటున్నారు. "అంకుల్, తుక్కుతో ఎందుకు కుస్తీ?" అన్నాను. "నువ్వు ఆఫీసులో సేసేదేటి? పాతికేళ్ళనాటి తుక్కుకి అతుకులేయడమే గదా," అన్నారు. నేను కాగితాలు చేతిలోకి తీసుకుని చదివాను.

ఒక చిక్కుంది. వచ్చే నెలాఖరుకు ఆ కూన్ కొట్టు మరోచోటికి మారుతోంది. ఆలోగా తనిఖీ కేంద్రంలో పాసైతే బండి జనార్దనరావు గారిది. కాకపోతే పెట్టుకునే చోటు లేదు, ఆ కూన్ కోసి అమ్మేస్తాడు. ఇల్లు చూస్తే అయిదో అంతస్తు, కార్ పార్కులో రిపేర్లు చేయనివ్వరు. అయిదు వారాలు చేతిలో ఉన్నాయి.

ఆ మర్నాటినుంచే ఆయన యార్డు బస్సు దిగి నేరుగా కొట్టుకే వెళ్ళారు. తొట్టి సొట్టలను ఇసుక మూట మీద పెట్టి చెక్క సుత్తితో లోపలినుంచి తట్టితట్టి లేపారు. చక్రం కొత్తది తెచ్చారు. మడతబడ్డ చట్రాన్ని కోసి పారేసి, కొత్త గొట్టాలతో మళ్ళీ కట్టారు. స్కూటరుకూ సైడ్‌కారుకూ మూడుచోట్ల అతుకు. "ఈ మూడు కీళ్ళే ప్రాణం," అనేవారు. వెల్డింగ్ చేసేటప్పుడు నన్ను దూరంగా నిలబెట్టి పాఠం చెప్పేవారు. యార్డులో ఆయన సూత్రం ఒక్కటే, అతుకును ఇన్‌స్పెక్టరు కళ్ళతో చూసి సంతకం పెట్టేదాకా దానిమీద చుక్క రంగు పడకూడదు. ఒకసారి తెలియక రంగు కొట్టిన కుర్రాడిచేత వారంపాటు ఓడ అడుగున తుప్పు గీకించారట. ఆ కథ నాకు నాలుగుసార్లు చెప్పారు.

తనిఖీకి ముందురోజు కొట్టుకు వెళ్ళి చూద్దును కదా, బండి మెరిసిపోతోంది. ఆకాశం రంగు నీలం, అంచులకు పసుపు గీత, సైడ్‌కారు ముక్కు మీద జామపండు కొరుకుతున్న రామచిలుక. ఆయన వాళ్ళ నాన్న అనకాపల్లిలో బెల్లం లారీలకు రంగులు వేసేవారు. మన దగ్గర లారీని ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళ్ళాలంటే బ్రేకులు ఉన్నా లేకపోయినా ముందు కొత్త రంగు పడాలి. పెళ్ళిచూపులకు పిల్లకు పౌడరు అద్దినట్టు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని వందల లారీలకు అలా రంగు పులిమిన చెయ్యి, సొంత బండి దగ్గరకొచ్చేసరికి ఆగలేదు. మూడు కీళ్ళమీద కూడా దట్టంగా నీలం. చెప్పేవి శ్రీరంగనీతులని నేను మనసులో అనుకున్నాను గానీ, నిజానికి నాకూ ఆ క్షణంలో తట్టలేదు. చిలుక చాలా బాగుంది మరి.

మర్నాడు ఆ కూన్ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళాం. తనిఖీచేసే అతను ముప్ఫై ఏళ్ళ మలయ్ మనిషి. చిలుకను చూసి నవ్వాడు. తర్వాత టార్చిలైటు పట్టుకుని కింద పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచాక గొంతు మారింది. ప్రమాదంలో విరిగిన బండికి వేసిన అతుకు తన కంటికి కనపడాలనీ, రంగు కింద ఏముందో తనకు తెలియదనీ, పాస్ చేయననీ చెప్పాడు. నేను ఏదో వాదించబోయాను. జనార్దనరావు గారు నా మోచేయి పట్టుకుని ఆపారు.

"ఒగ్గేయమ్మా. అతను సెప్పింది నా మాటే," అన్నారు.

ఆయన మొహం నల్లబడిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే భార్యతో, "తారా, నానే తప్పు సేసినాను," అన్నారు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, "పోనిద్దురూ, కిటికీ ఉంది గదా," అంది. ఆ మాటకు ఆయన గ్లాసు పక్కన పెట్టేశారు.

నెలాఖరు ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. మరుసటి సాయంత్రం ఆయన వైరు బ్రష్షు పట్టుకుని కీళ్ళమీది రంగు గీకడం మొదలుపెట్టారు. ఓడ అడుగున ఆ కుర్రాడు గీకినట్టే గీకారు, నేను ఆ మాట అనలేదు. రెండు కీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మూడోది, చక్రం దగ్గరిది, తళతళలాడేదాకా రుద్ది, దాన్ని వేలితో తడిమి, మళ్ళీ తడిమారు.

"ఇలా రామ్మా. ఇక్కడ ఎలుగు పట్టు," అన్నారు.

అతుకు మధ్యలో సూదిమొన దిగేంత చిల్లు. ఇనుము కరిగేటప్పుడు గాలిబుడగ చిక్కుకున్న గుర్తు. సన్న తీగతో అక్కడ గుచ్చి చూస్తే లోపలికి వెళ్ళిపోయింది. నడిచినన్నాళ్ళు నడిచి, ఏ మలుపులోనో ఆ కీలు తెగేది. ఆయన నేలమీద చతికిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఈ సిల్లుకి సిలకబొమ్మేసి, దీని మీద దాన్ని కూకోబెట్టీవోణ్ణి," అన్నారు.

ఆ కూన్‌కు తెలుగు రాదు. అయినా టీ తెచ్చి ఆయన పక్కన పెట్టి, కొట్టు షట్టరు సగానికి దించి వెళ్ళాడు. ఆయన టీ తాగి లేచారు. ఒక్కటే కాదు, మూడు కీళ్ళూ కోసేశారు. ఈసారి తొందర లేదు. రోజుకు ఒక కీలు. ఒక్కో పొర వేయడం, చల్లారనివ్వడం, సుత్తితో పైన కట్టిన పెచ్చు రాల్చడం, భూతద్దంతో చూడడం, మళ్ళీ పొర వేయడం. చివరికి ఆ అతుకులు వరసగా పేర్చిన పావలా బిళ్ళల్లా, ఒకదాని మీద ఒకటి ఒరిగి, సమంగా వచ్చాయి. వాటిమీద రంగు కాదు కదా, చెయ్యి కూడా వేయనివ్వలేదు.

నెలాఖరుకు ఒక్కరోజు ముందు మళ్ళీ వెళ్ళాం. ఆ మనిషే ఉన్నాడు. స్టార్ట్ చేయమన్నాడు. జనార్దనరావు గారు కిక్ కొట్టారు, లేవలేదు. మళ్ళీ కొట్టారు, లేవలేదు. అంతే, మొండికేసిన స్కూటరును వంచి పెట్రోలు అందించే ముప్ఫై ఏళ్ళనాటి అనకాపల్లి అలవాటు ఊరుకుంటుందా, హ్యాండిల్ పట్టుకుని స్కూటరును పక్కకు వంచబోయారు. మూడు చక్రాల బండి ఎక్కడ వంగుతుంది? సైడ్‌కారు అమాంతం గాల్లోకి లేచింది, తనిఖీ అతను రెండడుగులు వెనక్కి గెంతాడు, ఆ కూన్ గోడకానుకుని నవ్వాడు. ఆయన సిగ్గుపడి దించి, పెట్రోలు మీట తిప్పి కిక్ కొట్టారు. ఇంజను అందుకుంది.

అతను టార్చితో కిందకు దూరాడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. నేను మొక్కని దేవుడు లేడు. అతను లేచి పక్క వరుసలోని ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. తర్వాత మొదటతను, ఈ వెల్డింగ్ ఏ వర్క్‌షాప్‌లో చేయించారని అడిగాడు.

"మై హ్యాండ్," అన్నారు జనార్దనరావు గారు, రెండు చేతులూ చాపి.

అతను ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని ఊపాడు. కాగితం మీద ముద్ర పడింది. తిరుగుదారిలో ఆయన వ్యాను ఎక్కలేదు. సొంత బండి మీద, ఖాళీ సైడ్‌కారులో చిలుకతో, మా ముందు నడుపుకుంటూ వచ్చారు. ఆ కూన్ దారంతా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. నాకైతే ఊరేగింపులో ఉన్నట్టే అనిపించింది.

ఆ ఆదివారం పొద్దున తారాదేవి ఆంటీ జరీ అంచు చీర కట్టి, హెల్మెట్ కింద జడలో మల్లెపూలు ఎలా ఇమడతాయో రెండుసార్లు సరిచూసుకుంది. సైడ్‌కారులో కూర్చుని కాలు చాపింది. బెత్తెడు జాగా మిగిలింది. "ఇక్కడ బుట్ట పెట్టుకోవచ్చు," అంది. నేను స్కూటరు వెనక సీటెక్కాను. సెరంగూన్ రోడ్డులో ఎర్రలైటు దగ్గర ఆగితే, పక్క కారులోని పిల్లలు చిలుకను చూసి చేతులూపారు. ఆవిడ మహారాణిలా చెయ్యి ఊపింది.

టెక్కాలో కూరలమ్మే తమిళాయన ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ పలకరింపులేమీ పెట్టుకోలేదు. చేతికర్ర నాకిచ్చి, వంకాయల గుట్టలో చెయ్యి పెట్టి, పైవన్నీ తోసేసి, అడుగునుంచి ఒకటి తీసింది. తొడిమ చూసింది, బొటనవేలితో నొక్కింది, చెవి దగ్గర పెట్టి చిన్నగా తట్టింది. బుట్టలో వేసింది. అలా పదకొండు ఏరి, పన్నెండోదాన్ని నా మొహం ముందు పెట్టింది.

"దీన్ని లేత వంకాయంటారు. సరిగ్గా సూడు. ఇన్నాళ్ళనుంచీ నువ్వు తెచ్చినయ్యన్నీ ముదురు బెండ్లు. ఒక్కటంటే ఒక్కటి, తినడానికి పనికొచ్చింది లేదు. సదువుకున్నావు గదా, కళ్ళెక్కడెట్టుకున్నావే నువ్వు?"

ఆ వరసలో ఉన్నవాళ్ళందరూ నావైపు చూశారు. నేను జనార్దనరావు గారివైపు చూశాను. ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఆవిడ నన్ను తిడుతున్న తిట్లన్నీ కళ్ళు మూసుకుని వింటున్నారు.