హాజరు పట్టీలో నా ఖాళీ గడి

పటమటలో మాకు జర్మన్ నేర్పిన మాస్టారు మంగళవారం పొద్దున పోయారు. క్లాసు గ్రూపులో ఆ వార్త కింద అందరూ దండాలు పెట్టారు. నేను పెట్టలేకపోయాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మేమంతా నర్సింగ్ చదివి జర్మనీలో ఉద్యోగాల కోసం చేరినవాళ్ళం. మొదటి రోజు ఆయన ప్రతి ఒక్కరినీ మీ నాన్న ఏం చేస్తారని అడిగి, ఆ పనిలోంచి పుట్టిన జర్మన్ ఇంటిపేరు పెట్టారు. ఇక హాజరు ఆ పేరుతోనే. ఆటోనగర్‌లో కొలిమి దగ్గర లారీ కమాన్లు సాగగొట్టే ఆయన కూతురు ష్మిట్. "ఇంగ్లీషు స్మిత్ మీ చుట్టమేనమ్మా" అన్నారు. దర్జీ కొడుకు ష్నైడర్. "అంటే కోసేవాడు. టైలర్‌కీ మొదట అదే అర్థం. కొయ్యడం రానివాడు ఏం కుడతాడండీ." వడ్రంగి కూతురు త్సిమర్‌మన్. "త్సిమర్ అంటే ఇవాళ గది, ఒకప్పుడు కలప. మన టింబర్ డిపోల్లో టింబర్ ఉందే, అదే మాట."

నా వంతు వచ్చింది. "ఇక్కడ నాన్న పని అడగడమంటే కులం అడగడమేనండి. తిన్నగానే అడగొచ్చుగా" అన్నాను. దొరికిన కరపత్రమల్లా చదివి రగిలిపోతున్న రోజులు. ఆయన మొహం పాలిపోయింది.

"నిజమే నాయనా. నాకు తట్టలేదు."

నా గడి ఖాళీగా వదిలేశారు. తర్వాతి బ్యాచ్ నుంచి ఆ ప్రశ్నే మార్చేశారు: "మీ చేతికి ఏ పని వచ్చు?"

నా కోపం న్యాయమైనదే, ఇవాళా అదే అంటాను. కానీ అందులో సగం సిగ్గు. మా నాన్న బెంజ్ సర్కిల్ దగ్గర గొడుగు కింద చెప్పులు కుడతాడు.

ఒక సాయంత్రం మాస్టారు బోర్డు మీద షూస్టర్ అని రాశారు. "ముందు సగం మనకు తెలిసిన షూనే. వెనక సగం లాటిన్ నుంచి వచ్చింది, కుట్టేవాడని. జర్మనీలో డాక్టర్లూ జడ్జీలూ ఈ పేరు గుమ్మానికి తగిలించుకుంటారు." నా వైపు మాత్రం చూడలేదు.

మాస్టారిని సమాధి చేసి ఇంటికొచ్చేసరికి నాన్న సంచిలోంచి ఒక చెప్పుల జత తీశాడు.

"మీ మాస్టారివిరా. పోయిన వారం కుట్టమని ఇచ్చారు. ఎప్పుడొచ్చినా నీ చదువు గురించే."

"నేను నీ కొడుకునని ఆయనకెలా తెలుసు?"

"నేనే చెప్పా, రెండేళ్ళయింది." జత నా చేతిలో పెట్టాడు. "చెప్పకూడదేంట్రా?"

తెలిసి కూడా రెండేళ్ళూ ఆ గడి మాస్టారు నింపలేదు. నా నోటితో నేనే చెప్పాలని ఆగారు.

మర్నాడు క్లాసుకెళ్ళాను. ష్మిట్ హాజరు పట్టీ తీసి ఊరికే చదువుతోంది. ఖాళీ గడి దగ్గర ఆగింది.

"షూస్టర్" అన్నాను.

ఆమె ఆ గడిలో రాసింది. మాస్టారి చెప్పుల్ని క్లాసు గుమ్మం పక్కన, ఆయన రోజూ విడిచే చోట పెట్టాను. అరిగిన అట్టలు, ఆయన మడమల గుంటలు, చుట్టూ నాన్న వేసిన కొత్త దారం.