బరికి కాదు, మూకుడికి

తెల్లవారాక గూటి మీద గోనె తీయగానే బుల్లెమ్మ చేతికి తడి తగిలింది. నెత్తురు. నిన్న సాయంత్రం దాకా బొద్దుగా తిరిగిన కౌజు పిట్టల్లో సగం నెత్తి తోలు ఊడి, ఎముక తేలి, మూలకి నక్కి ఉన్నాయి. ఒకదానికి కన్ను లేదు. చచ్చినవాటి మీదెక్కి బతికినవి ఇంకా పొడుస్తూనే ఉన్నాయి.

"ఏవండీ! పుంజు పిట్టలకి అడ్డం పెట్టిన తడిక ఎవరు తీసేరు?"

మొగుడు తాతాజీ వేపపుల్ల నములుతూ వచ్చాడు. ముమ్మిడివరం చుట్టుపక్కల పందెం కోళ్ళకి కత్తి కట్టడంలో అతనికి పేరుంది. "నేనేనే. పుంజన్నాక రోషం రావాలి. రోషం ఉంటే కండ గట్టిపడద్ది."

"ఇవి బరిలోకి కాదండీ, మూకుట్లోకి!"

కువైట్‌లో ఒకరింట వంట చేసి వచ్చిన బుల్లెమ్మ, అక్కడ నేర్చిన కౌజుల పనితో పెరట్లో ఈ గూళ్ళు పెట్టింది. ఇవాళ అమలాపురంలో హోటలు నడిపే కేశవరావు రుచి చూడ్డానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే ఊళ్ళోనే ఉండిపోతుంది. కాదంటే మళ్ళీ విమానం ఎక్కాలి. కువైట్ పంపే ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఏడవడానికి వేళ లేదు. రెక్కలు కలిపి పట్టి, మెడ మీద కత్తెర పెట్టి ఒక్క నొక్కు. తల బకెట్లో పడేది. ఒళ్ళు ఆమె గుప్పిట్లో కొట్టుకుని ఆగేది. ఈకలు పీకకుండా తోలు చొక్కాలా లాగేసేది. దెబ్బతిన్నవాటి రొమ్ము మీద నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది. వాటిని విడిగా పడేసింది.

"పారేస్తావేంటే? మసాలా దట్టిస్తే ఎవడిక్తెలుస్తుంది?"

"చూద్దురుగాని."

కేశవరావు వచ్చేసరికి రెండు పళ్ళేలు సిద్ధం. "బ్రాయిలర్ కంటే ఖరీదే కదమ్మా?" అన్నాడు కూర్చుంటూనే.

"ఆయ్, ఖరీదేనండి. తూకానికైతే బ్రాయిలరే చవక. నాటుకోడితో చూడండి. అది నెలల తరబడి తింటది. ఇది ఐదారు వారాల్లో కూరకొచ్చేస్తదండి."

మొదటి పళ్ళెంలో పిట్టని ఎముకతో సహా కరకరలాడించాడు. "బ్రాయిలర్‌లో మసాలా తగుల్తది. ఇందులో మాంసం తగుల్తంది." రెండో పళ్ళెం అందుకుని, నమిలి, ఉమ్మేశాడు. "ఇదేంటమ్మా! నెత్తురు వాసన, చెప్పు తోలు!"

"దెబ్బలాటలో దెబ్బతిన్నదండి. తేడా మీకు తెలవాలనే వేయించేను."

తాతాజీ ఆ పళ్ళెం తీసి అవతల పెట్టాడు.

"మొదటిరకమే ఇస్తానంటే వారం వారం తీసుకుంటాను. ఇవ్వగలరా?"

"పొడిచేదాన్ని ఉంచనండి." బుల్లెమ్మ మొగుడి బుట్ట తెరిచింది. డేగ అని పేరెట్టి, బాదంపప్పు పెట్టి అతను సాకిన కౌజు పుంజు. రాత్రి పొడిచిన నెత్తురుతో ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. దాన్నీ కత్తెరనీ అతని చేతిలో పెట్టింది.

"ఇదొక్కటీ వదిలెయ్యవే."

"మీరే కొయ్యండి."

వందల కోళ్ళకి కత్తి కట్టినవాడు, తన చేత్తో ఒక్కదాన్నీ కోసి ఎరగడు. కళ్ళు మూసుకుని కత్తెర నొక్కాడు. మెడ సగమే తెగింది. పిట్ట కీచుమని కొట్టుకుని అతని మొహం మీద నెత్తురు చిమ్మింది. బుల్లెమ్మ అతని వేళ్ళ మీద తన వేళ్ళేసి గట్టిగా నొక్కింది. "సగం కోత పాపమండి."

తోలు లాగి చూస్తే రొమ్ము మీద ఒక్క గడ్డ లేదు. "ఇదీ వేయించెయ్యమ్మా," అన్నాడు కేశవరావు.

అరుగు మీద ఫోన్ మోగింది. "కువైట్ ఏజెంటండి," అంది బుల్లెమ్మ. మొగుడూ పెళ్ళాల చేతులు నాలుగూ నెత్తురే. కేశవరావే ఎడం చేత్తో ఎత్తాడు.

"ఆవిడ రారండీ," అన్నాడు, మొదటి పళ్ళెంలో మిగిలిన ఎముక నములుతూనే.