సబ్‌వూఫర్ పెట్టెలో ఖర్రా ఉమ్ము

ఇవాళ మధ్యాహ్నం కోఠారి అనే ఊరి నుంచి బొగ్గు లారీలు నడిపే ఒకాయన తన కొత్త ఏసీ జీపులో మా కారు స్టీరియో దుకాణానికి వచ్చాడు. సబ్‌వూఫర్‌లో బాస్ పోయి గురక లాంటి చప్పుడు వస్తోందన్నాడు. ఆ పెట్టెను నేనే చేసి, జీపు వెనక ఎదురెదురు సీట్ల మధ్య బిగించాను. తప్పు నాదేనేమోనని భయం వేసింది. ఫ్యూజు చూశాను, వైర్లు చూశాను, వేరే ఆంప్లిఫయర్ పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి గాలి కోసం పెట్టెకు వదిలిన రంధ్రంలో చెయ్యి పెట్టాను. చెయ్యి జిగటగా, పొగాకు కంపుతో బయటికొచ్చింది. లోపలంతా వక్క, పొగాకు కలిపిన ఖర్రా నమిలి ఊసిన ఉమ్మే. అందులో నాని స్పీకర్ కుళ్లిపోయింది.

"ఇండ్ల ఉమ్మిందెవరు తమ్మీ?" అని అడిగాను.

"మా దోస్తులే అన్నా. ఏసీ నడుస్తుంటే అద్దం దించుతే సల్లగాలంత పోతది గద."

ఆయనే మళ్లీ అన్నాడు: "ఇగ గిది తీసెయ్యి. కొత్తది జర పెద్ద రంధ్రముండేది చెయ్యి. గీ చిన్నదాంట్ల గురి కుదుర్తలేదంటున్నరు."

పెట్టె ఊడదీసి ఆయన చేతిలోనే పెట్టి పంపేశాను. సబ్బు అరిగిపోయేలా చెయ్యి కడిగినా ఆ కంపు పోలేదు. రాత్రి అన్నం చెంచాతో తిన్నాను. కొత్త పెట్టెకు రంధ్రం కొలత చెప్పడానికి రేపు దోస్తులను కూడా వెంటబెట్టుకుని వస్తాడట. వాళ్లను దుకాణంలో ఎక్కడ కూర్చోబెట్టాలో కాస్త చెప్పండి.