ప్రయాణం పోయిన నెత్తురు

మా ఇంట్లో ఎవరైనా దూరపు ఊరికి బయలుదేరితే, చేరినట్టు కబురు వచ్చేదాకా చీపురు పట్టం. మా అమ్మ కాలం నుంచీ అంతే.

మా ఆయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. నెత్తురులో క్యాన్సర్ వచ్చింది. మందులకు లొంగలేదు. హైదరాబాదు ఆసుపత్రిలో కొత్త వైద్యం ఒకటి చేసి చూస్తామన్నారు. ఒక చేతి నుంచి నెత్తురు మిషన్లోకి పోయింది. అందులో తెల్ల కణాలు కొన్ని సంచిలో నిలిచాయి, మిగతాది రెండో చేతిలోకి తిరిగొచ్చింది. ఆ కణాలకు రోగాన్ని గుర్తుపట్టడం నేర్పి, ల్యాబులో పెంచి, మళ్ళీ ఆయనకే ఎక్కిస్తారట. సంచిని చల్లటి పెట్టెలో పెట్టి వేరే ఊరి ల్యాబుకు పంపారు. అవి పెరిగేదాకా మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు.

ఎమ్మిగనూరులో మా ఇంటి తలుపు తీశామో లేదో, తోడొచ్చిన ఆడబిడ్డ చీపురు అందుకుంది. నేను లాక్కున్నాను.

"కసువు నూకద్దు. చేరినట్టు ఇంగా ఫోన్ రాలే."

"ఎవురు చేరల్ల వదినా? మా అన్న ఈడనే కూసున్నాడు గదా!"

"మనిషి ఈడుండాడు. నెత్తురు యాడుందో!"

ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. "నేను పనికి పోతే బస్సు ఎక్కకముందే నూకుతాంటివి. నా నెత్తురుకైతే మర్యాద జాస్తి!"

మధ్యాహ్నం ల్యాబు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి చేరాయని చెప్పాకే ఇల్లు ఊడ్చాను.

ఆ తర్వాత కూడా ఆ అమ్మాయి ఫోన్ చేసేది. అక్కడ బాగా పెరుగుతున్నాయనేది. ఇక్కడ ఆయన కరిగిపోతున్నాడు. అన్నీ సిద్ధం, మంచులా గడ్డకట్టించి పంపుతున్నాం, బయలుదేరి రండి అని కబురు వచ్చేసరికి ఆయన లేడు. జ్వరం తీసుకుపోయింది.

దినం అయ్యాక ఆ అమ్మాయే మళ్ళీ చేసింది. మాట తడబడుతోంది. ఆ కణాలను పారేయాలా, కొత్త మందులు పరీక్షించడానికి వాడుకోవచ్చా, మీరే చెప్పాలి అంది.

"అవి బతికే ఉండాయా తల్లీ?"

"గడ్డకట్టి ఉన్నాయమ్మా. కరిగిస్తే లేస్తాయి."

"లేస్తే ఏం పెడతారు వాటికి?"

"చక్కెర, ఉప్పు, ఇంకొన్ని కలిపిన ఎర్రటి నీళ్ళు. పాతవి తీసేసి కొత్తవి పోస్తుంటాం."

ఇంట్లో నేనొక్కదాన్నే. వండి ఎవరికి పెట్టాలో తెలియక పొయ్యి సరిగ్గా వెలిగించడమే మానేశాను. ఆయన నెత్తురు ఇంకా ఏదో ఒక చోట తింటుందంటే, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"పారేయొద్దు. వాడుకోండి. అన్నీ ఒగేసారి కరిగించొద్దమ్మా. రవ్వంత రవ్వంత తీసుకోండి."

ఆ అమ్మాయి తన చేతిలో ఉన్నంతవరకు అలాగే చేస్తానంది.