వరుడు కుదరని తీగ

మా మందుమొక్కల తోటలో తోటమాలికి మేం పెట్టుకున్న పేరు పెళ్ళిళ్ళ పేరయ్య. యాభై దాటినా ఆయనకు మాత్రం పెళ్ళి కాలేదు. నర్సరీ వెనక ఒంటి గది, ఒక స్టవ్వు, ఒకే ఒక్క కుర్చీ. ఇంకోటి కొనుక్కోరాదా అంటే, "కూర్చునేదెవరు సార్?" అని నవ్వేసేవాడు. విత్తనాల గదిలో పని ముగించుకుని నేను వెళితే, బోర్లించిన బకెట్టే నాకు సింహాసనం.

ఆయన సంబంధాలు వెతికింది ఒక అడవి తీగకు. జ్వరానికి దాని వేరు మంచిదని జనం తవ్వి తవ్వి పక్కనున్న కొండను ఖాళీ చేశారు. మా తోటలో ఒక్కటి మిగిలింది. ఆ జాతిలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. పూస్తే గానీ ఏది ఏదో తెలియదు. మాది ఆడది. ఏటా పూసేది, ఏటా ఉత్తినే రాల్చేసేది. కొమ్మ నాటితే బతుకుతుంది గానీ, అది మళ్ళీ ఆ తీగే. గింజ కట్టాలంటే మగది కావాలి.

ఎక్కడో దూరపు తోటలో ఒకటుందని, నీడలో పడి ఎన్నడూ పూయలేదని విని, మగదై ఉంటుందన్న ఆశతో కొమ్మ తెప్పించాడు. చంటిపిల్లలా సాకాడు. వాళ్ళక్క ఫోన్ చేసి దెప్పేది.

"నేను తెచ్చిన సంబంధాలన్నీ కాదన్నావు. ఇప్పుడు తీగకి పెళ్ళికొడుకుని వెతుకుతున్నావుట్రా?"

"దానికి వయసైపోతోందక్కా."

"మరి నీకో?"

తీగకు నీళ్ళు పెట్టాలని ఆయన ఫోన్ పెట్టేసేవాడు.

కొన్నేళ్ళకు ఆ కొమ్మ మొగ్గ తొడిగింది. నా నోరు ఊరుకుంటుందా, ఆఫీసంతా చాటేశాను. పేరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్వీట్ల పెట్టె తెచ్చాడు. మొక్కల శాస్త్రం చదివిన మా మేడమ్ భూతద్దం పెట్టి వంగారు. ఎంతకీ లేవలేదు.

"పేరయ్య గారూ... ఇదీ అమ్మాయేనండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే అనుకుంటా.

మేడమ్ అక్కడికక్కడే ఆ తోటకు ఫోన్ చేశారు. అవతలి పెద్దాయన తీరిగ్గా చెప్పాడు. "అదాండీ? మా పాత తోటమాలి మీ దగ్గర్నుంచే కొమ్మ పట్టుకొచ్చాడు కదా!"

అంటే ఇన్నేళ్ళూ పేరయ్య పెళ్ళికూతురికి ఆ పెళ్ళికూతుర్నే చూపించాడన్నమాట. అందరూ ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు.

సాయంత్రం నేను ఆయన గదికి వెళ్ళేసరికి రెండు తీగలకూ తడి పెట్టి ఉంది. ఆయన ఫోన్ మోగింది.

"పెళ్ళేమైందిరా?"

"వరుడు కుదరలేదక్కా."

"పోనీలే. ఏమైనా తిన్నావా?"

"ఆఁ, తిన్నా" అన్నాడు. స్వీట్ల పెట్టెకు కట్టిన దారమైనా విప్పలేదు.

ఫోన్ పెట్టేసి సంచిలో నీళ్ళ సీసా, కత్తెర సర్దుకోవడం మొదలుపెట్టాడు. "ఇది పూతకాలం సార్. కొండమీద మగది ఎక్కడైనా మిగిలుంటే ఇప్పుడే బయటపడుతుంది. తెల్లారగానే ఎక్కుతా."

తోడు రమ్మంటాడేమోనని నేను ముందే ఒక సాకు వెతుక్కున్నాను. ఆయన రమ్మనలేదు. నావైపు చూడనైనా లేదు. ఎవరినైనా పిలవొచ్చన్న సంగతే ఆయనకు తట్టినట్టు లేదు.