అంచుకు కట్టిన రెండో స్ప్రింగు

కార్తీక బహుళ తదియ, ఆదివారం. నిన్నటి నుంచి ముసురు. పొద్దున్నే మగ్గం గుంతలోకి నీళ్లు దిగకుండా గడప లోపల మట్టితో చిన్న గట్టు కట్టాను. చేతుల మట్టి కడుక్కుంటూ ఉండగా, పెనుకొండ నుంచి మొదటి బండికి వచ్చిన ఒకాయన వాకిట్లో నిలబడి, "మీ సారు పోయినాడప్పా. మొన్న సాయంత్రం కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. నిన్ననే అంతా అయిపోయింది," అన్నాడు. ఆయన వెళ్లిపోయిన తరువాత కూడా చెంబు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాను.

నేను బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి కాదు. ఆయన హిందూపురంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవాడు. నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసుకునేవాణ్ణి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. తరువాత చదివిందంతా చేతికి దొరికిన కాగితాలు చూసి నేర్చుకున్నదే. ఆ రోజు వానో ఎండో, ఎన్ని మూరలు నేశానో, రోజూ ఒక పుస్తకంలో రాసుకోవడం మాత్రం అలవాటు. ఇది కూడా అందులోనే రాస్తున్నాను. ఆయన దగ్గర చదివినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఉన్నారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది. వాళ్లు చదవాలి.

కొత్త పైసలు వచ్చిన ఏడాది ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. గళ్ల కాగితం మీద చీరల నమూనాలు గీసేవాడు, చేతిపని కూడా తెలిసినవాడు కావాలని అడిగితే ఎవరో నన్ను చూపించారు. రాగానే జేబులోంచి ఉప్పుగల్లు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఏమప్పా, దీంట్లో ఏముండాదో చెప్పు."

"ఉప్పుండాది సార్."

"ఉప్పులో ఏముండాది?"

నేను ఊరుకున్నాను. మగ్గం గుంతలో కూర్చున్న మా నాయన ఊరుకోలేదు. "ఉప్పులో ఉప్పు గాక ఇంకేమన్నా ఉంటే అంగడాయన్ని అడగాల సారూ, మావోణ్ణి అడిగితే ఏం తెలుస్తాది?" అన్నాడు. సారు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే మా ఇంటివాడైపోయాడు.

అప్పుడు చెప్పాడు. ఆ గల్లు లోపల కంటికి కనిపించని అణువులు పడుగూ పేకా కలిసినట్టు వరసలు వరసలుగా, పొరల మీద పొరలుగా అమరి ఉంటాయట. ఒక్కొక్కదాన్నీ చుట్టూ ఉన్నవి పట్టుకుని ఉంటాయి. "రాయి కదలకుండా ఉండాదని మనమనుకుంటాం. లోపల ఒక్కటి గూడా కుదురుగా ఉండదప్పా. ఒకటి వణికితే పక్కది వణుకుతాది." ఆ వణుకు వరస నుంచి వరసకు ఎట్లా పోతుంది, ఎంత వేగం దాటితే పోకుండా ఆగిపోతుంది అన్నదే బెంగళూరులో ఆయన మొదలుపెట్టిన పరిశోధన. తండ్రి పోవడంతో తమ్ముళ్లను సాకడానికి దాన్ని సగంలో వదిలి బడి పనిలో చేరాడు. "సగం నేసి దించేసిన చీరప్పా అది," అనేవాడు.

అన్నేళ్లకు బెంగళూరు నుంచి ఆయన పాత ప్రొఫెసరు ఉత్తరం రాశాడు. ఇంతవరకు ఏం చేశావో వచ్చి చూపించు, బాగుంటే మళ్లీ చోటిస్తాను అని. లెక్కలు ఆయన దగ్గర ఉన్నాయి. వాటితోపాటు కంటికి కనిపించే వస్తువు ఒకటి కావాలి. అందుకు నా దగ్గరకు వచ్చాడు.

నాలుగు ఆదివారాలు కట్టాం. చెక్కచట్రానికి ఇరవై ఇత్తడి గుండ్లు వరసగా వేలాడదీశాం. సన్న ఉక్కు తీగను సైకిలు పుల్లకు చుట్టి స్ప్రింగులు చేసి, గుండుకూ గుండుకూ మధ్య తగిలించాం. ఒక చివర రాట్నం బిగించాం. రాట్నం తిప్పితే చివరి గుండు ఊగుతుంది, ఆ ఊపు లోపలికి పోతుంది. గుండ్లు అణువులు, స్ప్రింగులు వాటి మధ్య పట్టు. "అన్నీ ఒకటే మాదిరి ఉండాలప్పా, వెంట్రుకవాసి తేడా రాకూడదు," అని వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు.

పట్టు ఉన్న ఇల్లని, ఆయన చేతులు కడుక్కుని, తన పంచెకే తుడుచుకుని, ఆరాక గానీ దేన్నీ ముట్టేవాడు కాదు. ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చి, వొలిచినవి ముందు మా నాయన చేతిలో పోసేవాడు. మా నాయన అవి నములుతూనే ఎగతాళి చేసేవాడు.

"నెల దినాలైంది, జానెడు గుడ్డ కనపడల్యా. ఎవురు కట్టుకుంటారు సారూ ఈ చీర?"

"ప్రొఫెసరుకు పెట్టే చీర పెద్దాయనా ఇది. ఆయనకు నచ్చితే నాకు బెంగళూరులో కాపరం."

ఒక శనివారం మధ్యాహ్నం అంతా సిద్ధమైంది. సారు రాట్నం తిప్పాడు. మెల్లగా తిప్పినంతసేపు ఊపు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. వేగం పెంచేకొద్దీ లోపలి గుండ్లు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. అది ఆయన లెక్కలో ఉన్నదే. ఇంకా వేగం పెంచాడు. అప్పుడు రాట్నం పక్కనున్న చివరి రెండు గుండ్లు ఒకదానికొకటి ఎదురుగా, కొట్టుకుంటాయేమో అన్నంత జోరుగా వణికాయి. తక్కిన పద్దెనిమిదీ నిలబడి చూస్తున్నట్టున్నాయి.

సారు చెయ్యి వదిలేశాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే.

"స్ప్రింగులన్నీ ఒకటే మాదిరివి కదప్పా?"

"ఒకటే మాదిరివి సార్."

నేను అబద్ధం చెప్పాననుకోలేదు. చీర అంచు చిరగకుండా మేము చివరి పోగులను జంట వేస్తాం. జంట వేసినా ఒక పోగనే లెక్కపెడతాం. ఆ చేతి అలవాటు కొద్దీ, ఈ గుండ్ల గొలుసుకు రెండు చివర్లా ఒక స్ప్రింగులోకి రెండోది దూర్చి కట్టాను. నా లెక్కలో అది ఒకటే.

"అంచుకు దాని వణుకు దానిదేనప్పా! లోపలోళ్లకు సమాచారమే లేదు!" అని సారు మా నాయన భుజాలు పట్టుకుని ఊపాడు. అక్కడే చాప మీద కూర్చుని ఆరు పేజీలు రాశాడు. సోమవారం బెంగళూరుకు ప్రయాణం.

ఆదివారం గొలుసును పాత చీరలో చుట్టబోతుంటే ఆ రెండో స్ప్రింగు మీద నా చెయ్యి పడింది. ఒకటే మాదిరి ఉండాలని ఆయన అన్నిసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుపడ్డాను. పెద్దవాళ్ల ముందు పెట్టే వస్తువును పాడుచేశానే అనుకుని, రెండు చివర్లా అదనంగా ఉన్నవి తీసేశాను. తప్పు దిద్దాననే అనుకున్నాను. మర్నాడు స్టేషనులో చెబుదామనుకున్నాను. ఆయన చుట్టూ ఎవరెవరో ఉన్నారు, ఆయన ముఖం వెలిగిపోతోంది. బండి కూత వేసింది. మూట అందించి వచ్చేశాను. ఆనాటి పేజీలో "గొలుసు సర్ది సారుకు ఇచ్చాను. ఎండ," అని మాత్రమే ఉంది.

బుధవారం ఆయన తిరిగి వచ్చాడు. హిందూపురంలో దిగకుండా నేరుగా ధర్మవరానికే వచ్చి, మూట దించి కూర్చున్నాడు.

"అంచు కదల్లేదప్పా. గంటసేపు తిప్పినా. ప్రొఫెసరు గడియారం చూసుకున్న్యాడు."

చివర్ల రెండో స్ప్రింగు తీసేసిన సంగతి చెప్పాను. మా నాయన గుంతలోంచి లేచి, "నోరు లేదేంరా నీకు? బండి ఎక్కేటప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయినావా?" అని అరిచాడు. సారు మూట విప్పాడు. గొలుసు నా ముందు పెట్టి, "రెండోది మళ్లీ కట్టు," అన్నాడు. కట్టాను. తిప్పాడు. రెండు గుండ్లూ వణికాయి. వాటిని చూస్తూ, "అంచు దగ్గర బిగువు ఎక్కువైతేనే ఇట్లా వణుకుతాది. అంతేనప్పా. నువ్వు చెప్పింటే ఈ మాటే ఆడ చెప్పేవాణ్ణి," అన్నాడు. ఆ మాట అన్నది ఆ ఒక్కసారే. తరువాత ఎన్నడూ ఎత్తలేదు.

బెంగళూరుకు వివరంగా ఉత్తరం రాశాడు. మూడు నెలలకు జవాబు వచ్చింది. సంగతి బాగుంది గానీ, చోటు వేరొకరికి ఇచ్చేశామని.

ఆ తరువాత పదేళ్లు, నెలకు రెండు ఆదివారాలు ఆయన మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోంచే, "ఏమప్పా, కదులుతాండాదా?" అని పలకరించేవాడు. అడిగింది గొలుసునో, మగ్గాన్నో, నన్నో ఎప్పుడూ తేలలేదు. "కదులుతాండాది సార్," అనేవాణ్ణి. బరువు గుండొకటి, తేలిక గుండొకటి మార్చి మార్చి కట్టి చూశాం. అంచు స్ప్రింగు ఎంత బిగిస్తే వణుకు ఎంత లోతుకు దిగుతుందో గళ్ల కాగితం మీద గీశాం. లాగరిథం పట్టికలు చూడటం, గ్రాఫు గీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "చూసింది పైన రాయి. అనుకున్నది కింద వేరేగా రాయి. రెండూ కలపొద్దు," అనేవాడు. ఇప్పటికీ నా పుస్తకం అట్లాగే ఉంటుంది. ఆయన రిటైరై పెనుకొండలో ఉండిపోయాక నేనే పోయి వచ్చేవాణ్ణి.

కింద రాయవలసింది ఒకటి ఇన్నేళ్లూ రాయలేదు. బెంగళూరు జవాబు చదివి వినిపించిన రోజు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంటే, నాకు లోపల సంతోషం కలిగింది. ఇక ఈయన ఎక్కడికీ పోడు, ఆదివారాలు వస్తాడు అని. నా వల్ల ఆయన పోగొట్టుకున్నదే నాకు దొరికింది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు పన్నెండు గంటల బండికి పెనుకొండ పోయాను. సారు భార్య నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చున్నాను. ఆమె అడగకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, సారుకు బెంగళూరులో చోటు రాలేదన్న రోజు నాకు సంతోషమయింది."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. నా వంక చూసింది.

"ఆ మాట ఆయనతో చెప్పినావా?"

"లేదమ్మా. ఏ ముఖం పెట్టుకుని చెప్పేది?"

"చెప్పింటే బాగుండు నాయనా. బెంగళూరోళ్లకు అక్కర లేకపోయినాను, ఈడ ఎవురికి అక్కర అని శానా ఏండ్లు కుమిలిపోయినాడు. నేను చెప్తే, నువ్వు పెండ్లానివి కాబట్టి అంటాండావు అనేవాడు."

చావింటికి వచ్చినవాళ్లు పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి, చెప్పకుండానే లేచాను. ఆమె కూడా తల తిప్పుకుంది. ఈ ఒక్కరోజు చెప్పి రావాలని ఉండింది.

స్టేషనులో మా బండి కంటే ముందు హిందూపురం పోయే బండి వచ్చింది. సారు చోటున్నా కూర్చునేవాడు కాదు, తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. వాన జల్లులో ఒక్కొక్క పెట్టె తలుపూ నా ముందు నుంచి కదిలిపోయింది. తలుపుల్లో నిలబడినవాళ్లను ఒక్కరిని కూడా వదలకుండా చూశాను. చివరి పెట్టె దాటిపోయాక, "మీరు పోకపోవడమే నాకు బాగుండింది సార్," అని పైకే అన్నాను. పక్కన మూటలతో నిలబడినాయన, "నన్నా అప్పా?" అన్నాడు.

ధర్మవరంలో దిగేసరికి చీకటి పడుతోంది. వాకిట్లోనే స్నానం చేసి లోపలికి వచ్చాను. రేపటికి పేక దారం కండెలు చుట్టి పెట్టి ఇది రాస్తున్నాను. వాన, నేత లేదు.